అలాస్కా క్రూజ్ చివరి రోజు గ్లేసియర్లు చూడాలా, సామాను సర్దుకోవాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. మీరు విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి అమ్మానాన్నలను తీసుకుని ఆగస్టు మొదటి వారంలో అలాస్కా క్రూజ్‌కి వెళ్తున్నారు. వాంకూవర్‌లో ఎక్కి, అలాస్కాలోని రేవు విట్టియర్‌లో దిగుతారు. చివరి పూర్తి రోజు సాయంత్రం "కాలేజ్ ఫియోర్డ్" అని ప్రోగ్రాంలో ఉంది. ఫియోర్డ్ అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ, గ్లేసియర్ అంటే నెమ్మదిగా జారే మంచు నది. ముందు రోజు గ్లేసియర్ బే చూసేసి ఉంటారు, అందరూ అలిసిపోయి ఉంటారు, రాత్రికి పెట్టెలు బయట పెట్టాలి. ఆ రోజు మీద ఆశ పెట్టుకోవచ్చా, రెస్ట్ తీసుకోవడమే మేలా, చీకటి పడిపోదా, బాల్కనీలో కూర్చుంటే సరిపోతుందా అని అడిగారు.

ఆశ పెట్టుకోండి. సర్దుకోవడం ముందు రోజు రాత్రే ముగించి, చివరి రోజు మొత్తం డెక్‌కి ఇచ్చేయండి. మీ రూట్‌లో గ్లేసియర్లు ఒకే చోట ఎక్కువగా కనిపించేది, సముద్ర జంతువులు నెమ్మదైన నీటిలో కనిపించేది ఆ సాయంత్రమే. చీకటి భయం అక్కర్లేదు. ఆగస్టు మొదటి వారంలో అక్కడ సూర్యుడు రాత్రి పదిన్నర ప్రాంతంలో అస్తమిస్తాడు. బాల్కనీ మాత్రం ఒక్కటే సరిపోదు, దాని సంగతి కింద చెప్తాను.

నేను విశాఖవాణ్ణే. పెదవాల్తేరులో ఉంటాను. ప్యాసింజర్ షిప్పుల్లో డెక్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. అలాస్కా సీజన్లలో బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, వాచ్ డ్యూటీ చేశాను కాబట్టి, ఓడ ఎందుకు ఆగుతుంది, ఎందుకు తిరుగుతుంది, ప్రయాణికులు ఏ టైంలో ఎక్కడ ఉండి ఏం పోగొట్టుకుంటారు అన్నది దగ్గర నుంచి చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చివరి రోజును జనం తక్కువ చేసి చూడటానికి కారణం గ్లేసియర్ బే. అది నేషనల్ పార్కు, రోజుకు రెండు క్రూజ్ షిప్పులకే అనుమతి, పార్కు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో అన్నీ వివరిస్తారు. 1794లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ అన్వేషణ యాత్ర ఓడలు అటు వచ్చినప్పుడు ఆ బే మొత్తం మంచుతో మూసుకుపోయి ఉంది. ఇప్పుడు ఓడ దాదాపు వంద కిలోమీటర్లు లోపలికి వెళ్లగలుగుతోంది. అంత పెద్ద అనుభవం తర్వాత "ఇంకేముందిలే" అనిపించడం సహజం. కానీ గ్లేసియర్ బేలో మీరు దగ్గరగా చూసేది ముఖ్యంగా మార్జరీ గ్లేసియర్ ఒక్కటే. కాలేజ్ ఫియోర్డ్‌లో ఒకచోట నిలబడి తల తిప్పితే అరడజను పైగా కనిపిస్తాయి. 1899లో హారిమన్ అనే రైల్వే వ్యాపారి శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని ఇటు వచ్చినప్పుడు, వాటికి అమెరికాలోని కాలేజీల పేర్లు పెట్టారు. లోపలికి వెళ్తుంటే ఎడమ పక్కన వరసగా వెల్స్‌లీ, వాసర్, బ్రిన్ మార్, స్మిత్. అప్పట్లో ఇవన్నీ ఆడపిల్లల కాలేజీలు. ఎదురుగా చివర్న హార్వర్డ్, కుడివైపు పాయలో యేల్. హార్వర్డ్ ముఖం వెడల్పే రెండు కిలోమీటర్ల పైచిలుకు.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా మీ నాన్నగారికి చూపించండి. యేల్ ఎన్నో ఏళ్లుగా వెనక్కి పోతోంది. దాని పక్కనే ఉన్న హార్వర్డ్ మాత్రం నెమ్మదిగా ముందుకు వస్తోంది. రెండిటి మీదా ఒకే ఆకాశం, ఒకే సముద్రం. సముద్రంలోకి దిగే గ్లేసియర్‌కు తన సొంత లెక్క ఉంటుంది. ఎంత ఎత్తు నుంచి, ఎంత విస్తీర్ణం నుంచి మంచు వచ్చి చేరుతోంది, ముఖం కింద నీటి లోతు ఎంత, తాను తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ ముందు గట్టులా నిలబడి సముద్రపు నీటి నుంచి కాపాడుతున్నాయా లేదా అన్న దాన్ని బట్టి అది నడుస్తుంది. అలాస్కాలో చాలా గ్లేసియర్లు తరిగిపోతున్నాయన్నది నిజం. ఒకటి ముందుకొస్తోంది కదా అని వేడెక్కడం అబద్ధం అనుకోకూడదు. తరగడం, పెరగడం రెండూ ఒకే చూపులో కనిపించే చోటు మాత్రం అరుదు. నాకు ఆ ఫియోర్డ్ మీద ఇంత ఇష్టం ఉండటానికి అదే కారణం.

ఇక రోజు ఎలా గడపాలో చెప్తాను.

పొద్దున్న ఓడ గల్ఫ్ ఆఫ్ అలాస్కాలో ఉంటుంది. అది తెరిచిన సముద్రం, ఊపు ఉండవచ్చు. అమ్మగారికి బస్సులో కళ్లు తిరిగే అలవాటు ఉంటే, ముందు రోజు పడుకునే ముందే డాక్టరు చెప్పిన మాత్ర వేయించండి. వాంతి మొదలయ్యాక వేసిన మాత్ర పెద్దగా పనిచేయదు. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ఏ మాత్ర పడుతుందో ఇక్కడే వాళ్ల డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. ఉత్తరం వైపు వెళ్లే ఓడకు ఒడ్డు కుడి పక్కన ఉంటుంది. తెల్లారాక ఆకాశం తేటగా ఉంటే కుడివైపు దూరంగా సెయింట్ ఎలియాస్ శిఖరం కనిపిస్తుంది, 5,489 మీటర్లు. సముద్రం పక్కనే అంత ఎత్తు కొండ ఉండటం ప్రపంచంలో అరుదు. మబ్బుంటే ఏమీ కనపడదు, అప్పుడు హాయిగా నిద్రపోండి.

మధ్యాహ్నం దాటాక ఓడ హించిన్‌బ్రూక్ ఎంట్రన్స్ గుండా ప్రిన్స్ విలియం సౌండ్‌లోకి వస్తుంది. సౌండ్ అంటే దీవులు, కొండల మధ్య ఉన్న సముద్రపు పాయ. ఒక్కసారిగా నీరు సర్దుకుంటుంది, ఊపు తగ్గుతుంది. మీ ఇంట్లోవాళ్లందరూ బయటకు రావాల్సింది అప్పుడే, గ్లేసియర్ కనిపించాక కాదు. జంతువులను చూడటానికి ఆ రెండు మూడు గంటలు చాలా మంచివి. చాలామంది అదే టైంలో కేబిన్లో పెట్టెలు నొక్కి జిప్పులు లాగుతూ ఉంటారు. లేదంటే రిసెప్షన్ దగ్గర బిల్లు చూసుకునే లైన్లో నిలబడతారు. ఒకసారి ఓర్కాల (నలుపూ తెలుపూ ఉండే పెద్ద వేట డాల్ఫిన్ల) గుంపు ఓడకు సమాంతరంగా చాలాసేపు వెళ్లింది. మైకులో చెప్పాం. ఆ లైన్లో ఉన్నవాళ్లు లైన్ పోతుందని కదల్లేదు. బిల్లు ముందు రోజే చూసుకోండి, కేబిన్ టీవీలోనో షిప్ యాప్‌లోనో కనపడుతుంది.

రాత్రి భోజనం టైం కూడా చూసుకోండి. మీది ఫిక్స్‌డ్ టైం డైనింగ్ అయితే సరిగ్గా ఫియోర్డ్ టైంకే పడవచ్చు. ఆ ఒక్క రోజు తొందరగా బఫేలో తినేయండి. ఓడ ఫియోర్డ్‌లోకి ఏ టైంకి వెళ్తుందన్నది ఆ రోజు ఇచ్చే కాగితంలో ఉంటుంది.

ఇప్పుడు జంతువుల సంగతి. ముందుగా ఒక మాట. ఏ జంతువుకూ గ్యారంటీ లేదు. పెద్ద ఓడ మీద నుంచి ఎలుగుబంటి కనిపించడం చాలా అరుదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఎక్కువగా కనిపించేవి సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు), సీల్స్, సముద్ర పక్షులు, తెల్లతల గద్దలు (బాల్డ్ ఈగిల్స్). అదృష్టం ఉంటే హంప్‌బ్యాక్ తిమింగలాలు, ఓర్కాలు, తెలుపూ నలుపూ ఉండే డాల్స్ పోర్పస్‌లు.

సీ ఆటర్లు నీటి మీద వెల్లకిలా పడుకుని ఉంటాయి. దూరం నుంచి తేలుతున్న చెక్కముక్క అనిపిస్తుంది. ఆ చెక్కకు రెండు చివర్లా తలా, పాదాలూ పైకి లేచి ఉంటే అది ఆటర్. తిమింగలాలకు, సీల్స్‌కు ఉన్నట్టు వీటికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు, దట్టమైన బొచ్చే చలి ఆపుతుంది. ఆ బొచ్చు కోసమే మనుషులు వీటిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1911లో దేశాల మధ్య ఒప్పందం జరిగాక వేట ఆగి మళ్లీ పెరిగాయి. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకర్ ఈ సౌండ్‌లోనే బ్లై రీఫ్ మీద ఎక్కి ముడి చమురు ఒలికినప్పుడు మళ్లీ వేలల్లో చనిపోయాయి. ఇవాళ అవి గుంపులుగా తేలుతూ కనిపిస్తున్నాయంటే రెండు చావులు దాటి వచ్చినవి. పిల్లలుంటే ఈ కథ తప్పకుండా చెప్పండి.

తిమింగలం కోసం తిమింగలాన్ని వెతకకండి. నీటి మీద లేచే తెల్లటి ఆవిరిని వెతకండి, అది ఊపిరి. గాలి లేని సాయంత్రం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మూడు నాలుగు ఊపిర్లు తీసుకుని తోక పైకెత్తిందంటే లోతుకు వెళ్లినట్టు, సాధారణంగా ఐదు పది నిమిషాలు పైకి రాదు. ఆ లోపు అక్కడి నుంచి పరిగెత్తకండి, అదే దిక్కున కొంచెం ముందుకు చూస్తూ ఉండండి. ఇంకొక గుర్తు పక్షులు. జాలరిపేటలో వేటకెళ్లే ఏ పెద్దమనిషిని అడిగినా చెప్తాడు, పక్షులు ఒకచోట ముసురుకుని నీటి మీద పడుతున్నాయంటే కింద చేపల గుంపు ఉందని. అక్కడా అంతే, ఆ చేపల కోసం తిమింగలం కూడా వస్తుంది.

గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. మోకాళ్ల నొప్పుల వల్ల ప్రొమెనేడ్ డెక్ మీద కుర్చీ వేయించుకుని ఒకే పక్క కూర్చున్నారు. మైకులో "కుడివైపు" అన్నప్పుడు జనం కుడికి, "ఎడమవైపు" అన్నప్పుడు ఎడమకు పరిగెత్తారు. ఆయన కదల్లేదు. వాచ్ దిగి వెళ్తూ పలకరిస్తే, అందరికంటే ఎక్కువ చూసింది ఆయనేనని తెలిసింది. మీ నాన్నగారికి మోకాళ్లు బాగాలేవని రాశారు కాబట్టి ఇదే చెప్తున్నాను, పరుగులు వద్దు, ఒక పక్క ఎంచుకుని కూర్చోమనండి. దిక్కు చెప్పేటప్పుడు ఓడ ముందు భాగాన్ని పన్నెండు గంటలు అనుకుంటాం. "రెండు గంటల దగ్గర" అంటే ముందుకు, కుడివైపు అని.

గ్లేసియర్ దగ్గరికి వచ్చాక అందరూ చేసేది ఒకటే, శబ్దం విన్నాక తల తిప్పడం. మెరుపు కనిపించాకే ఉరుము వినపడుతుంది కదా, ఇక్కడా అంతే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. ఓడ ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉంటే, మీకు చప్పుడు వినపడేసరికి మంచు విరిగి నాలుగైదు సెకన్లయిపోతుంది. కాబట్టి చెవిని నమ్ముకోకండి, ఒక భాగాన్ని ఎంచుకుని కన్ను పెట్టి ఉంచండి. ఏ భాగం? నిలువు పగుళ్లు ఉన్నచోటు, చిన్న ముక్కలు అదే పనిగా రాలుతున్న చోటు. అలా రాలుతున్న చోటే పెద్ద ముక్క విరిగే అవకాశం ఎక్కువ. నీటికి దగ్గరగా కిట్టివేక్ అనే చిన్న గల్ పక్షులు ఎగురుతుంటాయి. మంచు పడగానే నీరు అల్లకల్లోలమై కింది ఆహారం పైకి వస్తుంది, అవి దానికోసం దిగుతాయి.

మంచు ఎక్కువ నీలంగా ఉంటే తాజాగా విరిగిన చోటని అర్థం. ఏళ్ల తరబడి ఒత్తిడికి గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు, వెలుగులోని ఎరుపును పీల్చేసుకుని నీలాన్ని బయటకు వదులుతుంది. ఎండలో కంటే మబ్బు రోజున ఆ నీలం బాగా కనిపిస్తుంది. "అయ్యో మబ్బు పట్టింది" అని లోపలికి వెళ్లిపోకండి.

ఓడ చాలా దగ్గరికి వెళ్లకపోతే కెప్టెన్ మీద కోపం తెచ్చుకోవద్దు. తేలే మంచు దట్టంగా ఉంటే దూరం నుంచే తిరిగిపోతాం. ఆ మంచు పలకల మీద హార్బర్ సీల్స్ పడుకుంటాయి, వేసవి మొదట్లో అక్కడే పిల్లల్ని కంటాయి. మనం దగ్గరికి వెళ్తే బెదిరి నీళ్లలోకి దూకుతాయి, పసిపిల్లలు ఆ చన్నీళ్లలో తల్లి నుంచి తప్పిపోవచ్చు. దూరం పాటించడం నియమం, పాటించాల్సిందే కూడా.

బాల్కనీ విషయం. గ్లేసియర్ దగ్గర ఓడ నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ఏ పక్క బాల్కనీకైనా కాసేపు కనిపిస్తుంది. కానీ దారిలో ఎదురయ్యే జంతువులు మీ పక్కనే రావాలని లేదు. నేను చెప్పేదేమంటే, అమ్మగారిని ఓడ ముందు భాగంలో పెద్ద అద్దాలున్న లాంజ్‌లో కూర్చోబెట్టండి, సీట్లు నిండకముందే. మీరు డెక్ మీద ఉండండి. ఓడ తిరగడం మొదలుపెట్టినప్పుడు వెళ్లి ఆవిడను పావుగంట బయటకు తీసుకురండి, చాలు. మంచు విరిగిన శబ్దం అద్దం వెనక నుంచి సరిగా వినపడదు, ఆ పావుగంట బయట ఉండాలి.

చలి గురించి విశాఖవాళ్లకు గట్టిగా చెప్పాలి. మన దగ్గర జనవరిలో కూడా స్వెటర్ పెద్దగా వేసుకోం. లంబసింగి కోసం కొన్న స్వెటర్ అక్కడ చాలదు, ఎందుకంటే గ్లేసియర్ మీద నుంచి దిగే గాలి అల్లికలోంచి దూరిపోతుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్ లేదా ఉన్ని, పైన గాలీ వానా ఆపే జాకెట్. చెవులు కప్పే టోపీ, గ్లౌజులు. శాలువా ఎంత మందమైనా తడిస్తే పనికిరాదు. విట్టియర్‌లో ఏడాదికి వానా మంచూ కలిపి దాదాపు 5,000 మి.మీ. పడుతుంది, మన విశాఖలో వెయ్యి పైచిలుకు. గొడుగు డెక్ మీద నిలవదు.

బైనాక్యులర్స్ ఇద్దరికి ఒకటైనా ఉండాలి, 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది) చాలు. ఎక్కువ పెద్దది చేసి చూపించేవి కదిలే ఓడ మీద వణుకుతాయి. ఇంకా టైం ఉంది కాబట్టి వెళ్లేలోపు నాలుగైదు సాయంత్రాలు తెన్నేటి పార్కుకో కైలాసగిరికో తీసుకెళ్లి అలవాటు చేయండి. పోర్టు బయట యాంకరేజీలో ఆగిన ఓడల పేర్లు చదవడం, వేట పడవ మీద ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడం. ముందు ఉత్తి కంటితో చూసి, చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. ఇది చేతికి రాకపోతే అక్కడ తిమింగలం వచ్చినప్పుడు నీళ్లు తప్ప ఏమీ దొరకదు. ఫోన్‌ను జాకెట్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

ఇక సామాను. చివరి రాత్రి పెద్ద పెట్టెలకు ట్యాగు కట్టి, వాళ్లు చెప్పిన టైంలోపు కేబిన్ బయట పెట్టాలి. తర్వాత అవి పొద్దున్న ఓడ దిగాకే దొరుకుతాయి. కాబట్టి గ్లేసియర్ బే చూసిన రాత్రే సర్దేయండి. పాస్‌పోర్టులు, మందులు, చార్జర్లు, బైనాక్యులర్స్, పొద్దున్న వేసుకునే బట్టలు, చెప్పులు చేతి సంచిలో. జాకెట్లు, టోపీలు పెద్ద పెట్టెలో పెట్టొద్దు, ఆ సాయంత్రానికీ కావాలి, మర్నాడు పొద్దున్న విట్టియర్ వానలోనూ కావాలి.

మర్నాటిని కూడా వదులుకోకండి. విట్టియర్ నుంచి యాంకరేజ్ వంద కిలోమీటర్ల లోపే. బస్సయినా రైలయినా నాలుగు కిలోమీటర్ల సొరంగం దాటాలి. ఒకే దారిలో రైళ్లు, కార్లు వంతులవారీగా వెళ్తాయి. దాటాక ఎడమవైపు టర్న్‌అగెయిన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ, కుడివైపు కొండలు. ఆగస్టులో ఆటు పోట్లు కలిసొస్తే ఆ పాయలో తెల్లటి బెలూగా తిమింగలాలు కనిపించే వీలుంది. కుడివైపు రాతి గోడల మీద డాల్ గొర్రెలు తెల్లటి చుక్కల్లా ఉంటాయి. కారు మాట్లాడుకుంటే పోర్టేజ్ దగ్గర వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సెంటర్‌లో ఆగండి. ఎలుగుబంట్లు, మూస్, మస్క్ ఆక్స్, అడవి దున్నలు పెద్ద ఆవరణల్లో ఉంటాయి. అవి స్వేచ్ఛగా తిరిగేవి కావు, కానీ పెద్దవాళ్లు నడక లేకుండా ఎలుగుబంటిని చూడాలంటే అదే తేలిక దారి. అందుకే ఆ రోజు పొద్దున్న ఫ్లైట్ బుక్ చేయకండి. రాత్రి ఫ్లైటు గానీ, యాంకరేజ్‌లో ఒక రాత్రి బస గానీ పెట్టుకోండి.

వేరే రూట్ల వాళ్లు ఇది చదివితే వాళ్లకు రెండు మాటలు. కొన్ని ఓడలు కాలేజ్ ఫియోర్డ్ బదులు హబ్బర్డ్ గ్లేసియర్‌కి వెళ్తాయి. దాని పొడవు 120 కిలోమీటర్లకు పైనే, ముఖం దాదాపు పది కిలోమీటర్లు, అదీ ముందుకొస్తున్నదే. 1986లో, మళ్లీ 2002లో పక్కనున్న రస్సెల్ ఫియోర్డ్ నోరు కొన్ని నెలలు మూసేసింది. సీవర్డ్‌లో దిగేవాళ్లు దిగిన రోజే కెనాయ్ ఫియోర్డ్స్ పడవ టూరు తీసుకోవచ్చు. పఫిన్లు, స్టెల్లర్ సీ లయన్లు అక్కడ బాగా కనిపిస్తాయి, కానీ చిన్న పడవ, ఊపు ఎక్కువ. పడవ పడనివాళ్లు రోడ్డు మీద ఎగ్జిట్ గ్లేసియర్‌కి వెళ్లండి, మంచు ఏ సంవత్సరం ఎంతవరకు ఉండేదో దారి పొడవునా బోర్డులు ఉంటాయి. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగేవాళ్లకు చివరి రోజు గ్లేసియర్ ఉండదు. సాధారణంగా చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. కాబట్టి వాళ్లకు కూడా అమెరికా వీసాతో పాటు కెనడా వీసా కావాలి.

మీ డైనింగ్ టైం, కేబిన్ ఏ పక్కన ఉందో రాస్తే, ఆ సాయంత్రం ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉండాలో గంటల వారీగా రాసిస్తాను.